శంకరమ్మ అలికిన మైదానం

తుమ్మకొమ్మను మిగతా కాపర్లు దోటితో కిందికి వంచి గొర్రెలకు అందిస్తారు. బీరన్నకు దోటి అక్కర్లేదు. నాలుగడుగులు వెనక్కి పోయి, పరుగెత్తుకొచ్చి, ఎగిరి, కొమ్మ కొసను పట్టుకుని దాంతోపాటే నేలకు దిగుతాడు. వాడు దిగేదాకా వాళ్ళమ్మ శంకరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటుంది. కొమ్మ విరిగి కంట్లో గుచ్చుకుంటే? ముల్లు అరచేతిలో దిగి చీము పడితే? దిగే చోట పాము పడుకుని ఉంటే? వాడికి ఇరవై ఏళ్ళొచ్చినా ఒంటికి చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు. ఇన్నేళ్ళుగా తగలని దెబ్బలన్నీ ఎక్కడో పోగుపడి ఉన్నాయనీ, ఒకేసారి కట్టకట్టుకుని వస్తాయనీ ఆమె నమ్మకం.

తాండూరు రైలు స్టేషనుకు అవతల, కురుమవాడలో వాళ్ళ ఇల్లు. భర్త చెన్నయ్య పొద్దంతా మంద వెంట తిరిగే మనిషి. ఉన్న నాలుగు మాటలూ గొర్రెలతో ఆడేసి, ఏమైనా మిగిలితే ఇంటికి తెచ్చేవాడు. పందొమ్మిది వందల అరవై మూడులో, శివరాత్రికి ఇంకా కొన్నాళ్ళుందనగా, ఆ ఇంటి ముందుకు సోమేశ్వర్ సేటు వచ్చి నిలబడ్డాడు. కందుల వ్యాపారం, బండల కార్ఖానా రెండూ ఉన్న మనిషి. ఊళ్ళో వాలీబాల్ క్లబ్బుకు అధ్యక్షుడు కూడా ఆయనే. బంతిని చేత్తో ముట్టింది లేదు గాని, గీత బయట నిలబడి అరవడంలో ఆయనతో పోటీపడేవాడు తాలూకాలో లేడు.

“చెన్నయ్యా, నీ కొడుకు దోటి లేకుండ కొమ్మలు వంచుతుండని విన్న. గంత మంచి ఎగురుడు గొర్రెల పాలు జేస్తే ఎట్ల? నాకియ్యి, నెట్టు కాడ నిలబెడత.”

చెన్నయ్య భార్య వైపు చూశాడు. ఇలాంటివాటికి ఆ ఇంట్లో జవాబు చెప్పేది ఆమే.

“నెట్టంటే ఏంది సేటు? మేం మంద చుట్టు కట్టే వల అసొంటిదా?” అంది శంకరమ్మ.

“అసొంటిదే. కాకపోతే గొర్రెలుండయి, రెండు దిక్కుల మనుషులుంటరు.”

“ఆ దిక్కోళ్ళు మావోన్ని తంతరా?”

“తన్నుడు లేదమ్మా. ముట్టుకునుడే లేదు. మధ్యల నెట్టుందాయె. అంత కాయిదా ప్రకారం నడుస్తది. మన జిల్లాకొక సంఘమున్నది, దాని మీద రాష్ట్రానికొకటి, దాని మీద మొత్తం దేశానికొకటి. నెట్టు ఎంత ఎత్తుండాల్నో, బాలు ఎంత బరువుండాల్నో ఆ పైనోళ్ళే ఖరారు జేస్తరు. జిల్లా పోటీలల్ల మంచిగ ఆడినోళ్ళను ఏరి జిల్లా జట్టు కడ్తరు. గా జట్టు రాష్ట్రానికి పోతది. ఆడ గూడ మెరిసినోన్ని దేశం పోటీలకే తీస్కపోతరు.”

ఈ ఏర్పాటు శంకరమ్మకు వెంటనే అర్థమైంది. కులానికి కూడా ఊరికొక పెద్ద, కొన్ని ఊళ్ళు కలిపి ఇంకో పెద్ద, ఆపైన మరొకరు ఉండనే ఉన్నారు.

“మా కులపంచాయితిల గొర్రె పోయి చేన్ల పడితే దండుగ కట్టిస్తరు. మా పిలగాడు ఎగిరి రాయి మీద పడితే ఆ దేశం సంఘమోళ్ళు దండుగ కడ్తరా?”

సేటు మెడ తడుముకున్నాడు. “గది కాయిదాల రాసి లేదు.”

“రాయించున్రి మరి.”

లోపల తలుపు చాటున బీరన్న నేలను కాలి బొటనవేలితో గీకుతున్నాడు. ఆ చప్పుడు ఆమెకు వినబడింది. కొడుకు ఏదైనా గట్టిగా కావాలనుకున్నప్పుడే అలా గీకుతాడు. చిన్నప్పుడు జాతరలో పిల్లనగ్రోవి ముందు నిలబడి కూడా ఇలాగే గీకాడు.

“ఆడని,” అంది చివరికి. “కాని తాండూర్లనే ఆడాలె. నా కండ్ల ముంగట. రైలెక్కి ఏ ఊరికీ పోవొద్దు.”

“ఈసారి జిల్లా పోటీలు తాండూర్లనే పెట్టిపిస్తున్న. పీటేస్కొని కూసొని చూడు,” అని సేటు సంతోషంగా వెళ్ళిపోయాడు. జిల్లా తర్వాత రాష్ట్రం ఉందన్న సంగతి శంకరమ్మ మరచిపోలేదు. ఆ భయాన్ని మాత్రం తర్వాతికి దాచుకుంది. చేతిలో ఉన్నవే ఎక్కువగా ఉన్నాయి.

పోటీలు తాండూరులో జరగాలంటే గ్రౌండును జిల్లా సంఘం కార్యదర్శి సూర్యప్రకాశ్ వచ్చి చూసి సరేననాలి. ఆయనది వికారాబాద్. కాదంటే పోటీలు వికారాబాద్‌కే పోతాయి. అందుకని ఆయనకు వంక దొరకకూడదని సోమేశ్వర్ సేటు పట్టుబట్టాడు. అందరూ చేసినట్టు మన్ను తడిపి రోలరు తిప్పిస్తే తాండూరు గొప్పేముంది? ఊళ్ళో గనుల నిండా బండలు, కార్ఖానాలో వాటిని నున్నగా చేసే మిషన్లు. సేటు గ్రౌండు మొత్తానికి తాండూరు బండ పరిపించాడు. అదీ మామూలు బండ కాదు, మొహం చూసుకునేంత నున్నటి బండ. దాని మీద సున్నంతో గీతలు గీయించాడు. ఊరు ఊరంతా వచ్చి చూసి, చెప్పులు విప్పి ఎక్కి, నడిచి చూసి దిగింది.

బీరన్న మొదటి రోజు ఆట నుంచి వచ్చేసరికి మోచేయి నీలంగా కమిలి ఉంది.

“ఏం గాలేదవ్వా. బండ గదా, జర గట్టిగుంటది.”

శంకరమ్మ ఆ మోచేతిని పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసి, తిన్నగా సేటు దుకాణానికి నడిచింది.

“సేటు, పొయ్యి కాడ బండేస్కుంటం. గడప ముంగట బండేస్కుంటం. ఎగిరి దుంకే కాడ ఎవలన్న బండేస్తరా?”

“శంకరమ్మా, ఈ బండ బొంబాయి బంగ్లాలల్ల పరుస్తున్నరు.”

“ఆ బంగ్లాలల్ల ఎగురుతరా?”

“నువ్వు ఫికర్ జెయ్యకు. రేపు సూర్యప్రకాశ్ రానీ. ఈ నునుపు చూసి ఆయన నోట మాట రాదు.”

ఇంటికొచ్చి శంకరమ్మ కంచం పక్కకు నెట్టింది. నేల మీద కూర్చుని ఆ నేలనే చూస్తూ ఉండిపోయింది. మట్టి నేల, శుక్రవారం శుక్రవారం పేడా ఎర్రమన్నూ కలిపి తను అలికే నేల. ఆరిన తర్వాత కాలు పెడితే గరుగ్గా, చెయ్యి పట్టుకున్నట్టుగా ఉంటుంది. ఆ ఇంట్లో జారిపడ్డవాళ్ళు లేరు. దారి దొరికిందనుకుంది.

తెల్లవారుతుండగా, ఊరు లేవకముందే, ఆడబిడ్డ బుగ్గమ్మను లేపుకుని రెండు బకెట్ల అలుకు కలిపి గ్రౌండుకు పోయింది.

“వదినా, మనింట్ల కింద మన్నున్నది, పీల్చుకుంటది. ఇది బండ,” అంది బుగ్గమ్మ ఆవులిస్తూ.

“పెండకు మన్నేంది, బండేంది. ఆరితె అదే పట్టుకుంటది. నువ్వు ఆ మూల నుంచి రా.”

ఇద్దరూ వంగి, చేతులు బారజాపి, గ్రౌండు ఈ కొస నుంచి ఆ కొసదాకా అలికారు. లేచి చూస్తే సేటు గీయించిన గీతలు ఒక్కటీ లేవు, అన్నీ అలుకు కిందికి పోయాయి. గీతలు లేకపోతే ఆట ఎట్లా? శంకరమ్మ ఇంటికి పరుగెత్తి ముగ్గుపిండి తెచ్చి, కనబడీ కనబడని ఆనవాళ్ళను పట్టుకుని మళ్ళీ గీతలన్నీ పోసింది. అలికిన నేలను ఉత్త గీతలతో వదిలెయ్యడానికి మనసొప్పలేదు. అశుభం. నాలుగు మూలలా నాలుగు పద్మాలు వేసింది. బుగ్గమ్మ కూడా ఉండబట్టలేక, నెట్టు కింద పొడుగ్గా ఒక తీగ పాకించింది.

పొద్దుటి రైల్లో సూర్యప్రకాశ్ దిగాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, మెడలో విజిలు, చేతిలో కొలిచే టేపు. వెనక సేటు, సేటు వెనక జట్టు, జట్టు వెనక సగం ఊరు. గ్రౌండు దగ్గరికి రాగానే సేటు నోరు తెరుచుకుని ఆగిపోయాడు.

“ఏం సేటు, ఆడేది పోటీలా, పెండ్లా?” అన్నాడు సూర్యప్రకాశ్.

“రాత్రి దాక బండలుండె సారూ,” అన్నాడు సేటు నెమ్మదిగా.

“గీ పూలు కాయిదాల ఏడున్నయో నేనైతె చూడలే.” ఆయన నవ్వుతూనే టేపు కొస ఒక ఆటగాడి చేతికిచ్చి, రెండో కొసను లాక్కుంటూ వెనక్కి నడిచాడు. పైన ఆరినట్టు కనబడుతున్న అలుకు కింద తడి తడిగానే ఉంది. బండ ఒక్క చుక్క కూడా తాగలేదు. మూడో అడుగుకు ఆయన రెండు కాళ్ళూ ముందుకు పోయాయి. టేపు చేతిలో ఉండగానే, సరిగ్గా మూల పద్మం నడుమ ఆయన కూర్చున్నాడు.

ఎత్తడానికి పరుగెత్తిన సోమేశ్వర్ సేటు ఆయన పక్కనే కూర్చున్నాడు.

జనం నవ్వాపుకోలేక పక్కకు తిరిగారు. శంకరమ్మకు మాత్రం నవ్వు రాలేదు. కార్యదర్శి నడుము విరిగిందనీ, ఇక లేవడనీ, ఈయన మీద రాష్ట్రం, రాష్ట్రం మీద దేశం, అన్ని సంఘాలూ కలిసి వచ్చి ఈ నడుముకు దండుగ అడుగుతాయనీ, మంద మొత్తం అమ్మినా అది తీరదనీ ఆమెకు ఒక్క క్షణంలో కళ్ళకు కట్టింది. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

“అలికింది నేనే సారూ. సేటుకు ఏం తెల్వది. నా కొడుక్కు ఏం తెల్వది.”

సూర్యప్రకాశ్ కూర్చున్న చోటు నుంచే తలెత్తి చూశాడు. “ఎందుకలికినవమ్మా?”

“జారకుండ ఉండాల్నని.”

ఆయన టేపును చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, ఇద్దరు పట్టుకుంటే లేచి నిలబడ్డాడు. తెల్ల ప్యాంటు వెనక పద్మం అచ్చు పడింది.

“సేటు, వొట్టి బండ చూస్తె నేనేమందునో ఏమో. ఏదో ఒకటి సర్దుకుంటుంటిమి. ఇప్పుడు నేను ఒప్పుకున్నా నా నడుము ఒప్పుకోదు. ఆదివారం పోటీలు వికారాబాద్‌ల.”

“సారూ, జర ఆలోచన జెయ్యున్రి...”

“నిన్న మొన్న గుల్బర్గా జిల్లా నుంచి విడిపోయి మా జిల్లల కలిసిండ్రు, అప్పుడే ఇంత ముస్తాబు జేస్తె ఎట్ల సేటు,” అని ఆయన నడుము పట్టుకుని స్టేషను వైపు పోయాడు.

బీరన్న తలొంచుకుని నెట్టు విప్పసాగాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. వికారాబాద్ అంటే రైలు. రైలెక్కి పోవద్దన్నది తను. పోటీలను రైలెక్కించింది కూడా తనే.

సాయంత్రం సేటు వచ్చాడు, ఒక పక్కకు ఒరిగి నడుస్తూ.

“శంకరమ్మా, బీరన్న లేకుంటె మేం పోయేది ఆడెటందుకు గాదు, వికారాబాదోళ్ళు పెట్టే ఉప్మా తినొచ్చెటందుకు. పంపు.”

“రైలు పట్టాలు తప్పితె?”

“తప్పదు. మన కందులన్ని అదే రైల్ల పోతున్నయి. ఒక్క బస్తా పడలే.”

“వికారాబాద్ గాలి?”

“గాలికేమైంది?”

వికారాబాద్ పక్కనే అనంతగిరి గుట్ట మీద క్షయరోగుల దవాఖాన ఉంది. అక్కడి గాలి మంచిదని ఎక్కడెక్కడి రోగులో వచ్చి ఉంటారు. అందరూ వచ్చి పీల్చి వదిలిన గాలిలో మంచి ఎంత మిగిలి ఉంటుందో ఆమె లెక్కలో ఆమెకు తెలుసు. సేటు ఇంకేదో చెప్పబోతుండగానే ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది.

మర్నాడు పొద్దున బీరన్న మందను తోలుకుపోతూ చూరు కింద చెయ్యి పెట్టి దోటి తీసుకున్నాడు. వాళ్ళ నాయన వాడే దోటి. శంకరమ్మ చూసింది. ఏమో, చెన్నయ్యకిస్తాడేమో అనుకుంది. మధ్యాహ్నం సద్ది పట్టుకుని పోయి దూరం నుంచే ఆగింది. కొడుకు చెట్టు కింద నిలబడి, దోటి పైకెత్తి, కొమ్మకు తగిలించి, కిందికి గుంజుతున్నాడు. కాళ్ళు నేల విడవలేదు. ముల్లు లేదు, పాము లేదు, ఎక్కడా ఏ ప్రమాదమూ లేదు. ఆమె ఇన్నేళ్ళూ కోరుకున్నది అదే. అయినా చూడలేకపోయింది.

“పొద్దుటి సంది గిట్లనే ఉన్నడు,” అన్నాడు చెన్నయ్య సద్దిమూట అందుకుంటూ. “గొర్రెలతోని గూడ మాట్లాడ్తలేడు.”

చెన్నయ్య దృష్టిలో అంతకు మించిన జబ్బు లేదు.

శంకరమ్మ చెట్టు కిందికి పోయింది. “దోటి నాయనకియ్యి.”

“ఎందుకవ్వా?”

“ఆదివారం పోదాం. నేను గూడ వస్త.”

బీరన్న ఆమె మొహం చూశాడు, నిజమా కాదా అని. తర్వాత దోటి తండ్రి చేతిలో పెట్టి, నాలుగడుగులు వెనక్కి పోయాడు. శంకరమ్మ కళ్ళు మూసుకుంది. కొమ్మ దిగిన చప్పుడు విని తెరిచింది.

ఆదివారం రైల్లో జట్టు ఒక పక్క, శంకరమ్మ మూట ఒక పక్క. మూటలో పసుపు, పాత గుడ్డలు, వాము, ఎందుకైనా మంచిదని కొడుకును పడుకోబెట్టి మోసుకురావడానికి ఒక గొంగడి. రైలు కదిలినప్పటి నుంచి కొడుకు చొక్కా కొస ఆమె పిడికిట్లోనే ఉంది. ధారూరు దాటి వికారాబాద్ దగ్గరపడగానే వాడి ముక్కుకు గుడ్డ కట్టింది. జట్టంతా ఘొల్లున నవ్వింది. బీరన్న విప్పేసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని తన ముక్కుకే కట్టుకుని కూర్చుంది.

వికారాబాద్ గ్రౌండు ఎర్రమన్నుది. తడిపి, రోలరు తిప్పి, చదును చేసి ఉంది. గట్టు మీద సూర్యప్రకాశ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కింద దిండు వేసుకుని. శంకరమ్మను చూడగానే కొంచెం సర్దుకున్నాడు.

“అమ్మా, ఆ మూటల ఏముంది? బకిట్లు గిట్ల తేలే గదా?”

“లేదు సారూ. పసుపే.”

“మంచిది. అయితే ఓ పని జెయ్యి. ముందుగాల గ్రౌండు మీద నువ్వు నడువు. నువ్వు పడకుంటె నేనొస్త.”

అందరూ నవ్వారు. ఆయన సరదాకే అన్నాడు. శంకరమ్మ సరదాకు తీసుకోలేదు. చెప్పులు విడిచి, గ్రౌండంతా ఆ కొస నుంచి ఈ కొసదాకా, మంద పడుకునే చోటును చూసినట్టు, అడుగు అడుగుకూ పాదం నొక్కి చూస్తూ నడిచింది. విరిగిన గాజుముక్క ఒకటి, తుమ్మముల్లు ఒకటి ఏరి కొంగున కట్టుకుంది. నీళ్ళు చల్లే మనిషి దగ్గరికి వచ్చి, “జర తక్కువ చల్లు నాయనా, నాకెరుకే,” అంది.

సూర్యప్రకాశ్ దిండు మీది నుంచి లేచి, ఆమె నడిచిన అడుగుల్లోనే నడిచి, విజిలు ఊదాడు.

తాండూరు రెండు ఆటలు గెలిచి చివరి ఆటకు వికారాబాద్ మీదికి వచ్చింది. బీరన్న ఎగిరినప్పుడల్లా శంకరమ్మ కళ్ళు మూసుకుంటూ, జనం అరుపును బట్టి కొడుకు బతికే ఉన్నాడని తెలుసుకుంటూ ఉంది. రెండు జట్లూ సమానంగా వచ్చాయి. వికారాబాద్‌వాడు కొట్టిన బంతి నెట్టు దాటి పక్క గీత మీదికి పోతుంటే బీరన్న దాని వెంట పడి, నేల మీద బారుగా జారి, వేళ్ళ కొసలతో లేపాడు. లేచి నిలబడేసరికి రెండు మోకాళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

గొంగడి పట్టుకుని శంకరమ్మ గీత దాటేసింది.

విజిలు మోగింది. “అమ్మా, కాయిదా ప్రకారం బయటోళ్ళు లోపలికి రావొద్దు,” అని సూర్యప్రకాశ్ లేవబోయి నడుము పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

ఆమెకు అదేమీ వినబడలేదు. మోకాళ్ళ ముందు కూలబడి కొంగుతో తుడిచింది. ఎరుపంతా కొంగుకు వచ్చింది. కింద మోకాలు మోకాలులాగే ఉంది. మన్ను. రెండో మోకాలు కూడా తుడిచింది. అదీ మన్నే.

“అవ్వా,” అన్నాడు బీరన్న మెల్లగా, చుట్టూ చూస్తూ. “జర పక్కకు జరుగు. ఇంకొంచెమే ఉన్నది.”

ఆమె లేచి గీత బయటికి వచ్చింది. ఈసారి కళ్ళు మూసుకోవడం మరిచిపోయింది. ఆ పాయింటు మళ్ళీ ఆడించారు. బంతి లేచింది. బీరన్న వెనక్కి పోయాడు, పరుగెత్తాడు, లేచాడు. కొడుకు పైకి లేచాక అక్కడ ఏం చేస్తాడో ఆమె ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ చూడలేదు. పైన ఒక క్షణం ఆగుతున్నాడు. కొమ్మ కొస కోసం చూసినట్టు, తీరిగ్గా, ఎవరూ లేని చోటు కోసం చూసుకుంటున్నాడు. తర్వాతే కొట్టాడు. బంతి అవతల ఖాళీలో పడింది. వాడు దిగాడు, రెండు కాళ్ళ మీదా.

ఆ తర్వాతి మూడు పాయింట్లూ వికారాబాద్‌వాళ్ళే కొట్టుకుపోయారు. తాండూరు ఓడింది. “మా బండ మీద పెడితె వీళ్ళు ఓడుతుండిరి,” అని సేటు కనబడ్డవాడికల్లా చెప్పాడు. ఉప్మా మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

పొద్దు వాలుతుండగా సూర్యప్రకాశ్ జిల్లా జట్టును చదివాడు. వికారాబాద్ పేర్లు వరసగా వచ్చాయి. శంకరమ్మ, ఇంక లేదు, పోనీ, ఇంటికి పోదాం అనుకుంటూనే, ఉండాలి ఉండాలి అని కొంగులోని గాజుముక్కను నొక్కుతోంది. చివర్న తాండూరు బీరన్న పేరు వచ్చింది. సేటు అరుపుకు రోడ్డు మీది ఎద్దులు బెదిరాయి.

జనం పలచబడ్డాక శంకరమ్మ దిండు కుర్చీ దగ్గరికి పోయింది. దాచుకున్న భయానికి ఇప్పుడు పని పడింది.

“రాష్ట్రం పోటీలు ఏడ సారూ?”

“హైద్రాబాద్‌లనే అమ్మా. దగ్గర్నే.”

“రైలేనా?”

“రైలే.”

“గ్రౌండు?”

“మన్నుదే. బండ గాదు.”

ఆమె ఇంకా కదల్లేదు. “ముందుగాల ఎవలు నడిచి చూస్తరు?”

సూర్యప్రకాశ్ కుర్చీలోంచి జాగ్రత్తగా లేచాడు. దిండు తీసి చంకలో పెట్టుకున్నాడు.

“నువ్వే రా,” అన్నాడు. “బకిట్లు మాత్రం ఇంట్ల పెట్టి రా.”